గుర్రం దాణా, రైతు గిన్నె

బొబ్బిలి యుద్ధం అనగానే తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు, బుస్సీ ఫిరంగులు గుర్తొస్తాయి. గుర్రాల మేత ఎవరికి గుర్తొస్తుంది? కానీ ఫిరంగికి మందు ఎంతో, గుర్రానికి దాణా అంత.

గుర్రం మన తీరానికి పరాయి జంతువు. అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో దిగేది. పాండ్యదేశంలో రాజు ఏటా 2000కు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి 100 కూడా మిగలవనీ 13వ శతాబ్దం చివర మార్కో పోలో చెప్పాడు. వాటికి అన్నంతో వండిన మాంసం పెడతారట! లెక్కలో అతిశయం ఉండొచ్చు గానీ సంగతి అర్థమవుతూనే ఉంది. గుర్రం కడుపుకి కావలసింది పీచు. పిండిపదార్థం మితిమీరితే శూల వస్తుంది, కాలిగిట్టలు లోపల వాచి నిలబడలేదు. ఖరీదైన తిండే ప్రాణం తీస్తుందన్నమాట.

బతికించింది చవక మేతే. 400 కిలోల గుర్రానికి రోజుకి దాదాపు 8 కిలోల ఎండుమేత కావాలి. అందుకే కంపెనీ అశ్వదళాల్లో సాయీసుతోపాటు గడ్డి తెచ్చేందుకు వేరే మనిషి ఉండేవాడు. గరికని వేళ్ళతో సహా చెక్కి, మట్టి దులిపి మోసుకొచ్చేవాడు. ఆ గడ్డిమీద బలానికి ఉలవలు. వీటిలో మాంసకృత్తులు 20 శాతం పైమాటే. పచ్చివి సరిగా అరగవు. నానబెట్టి, ఉడికించి గుగ్గిళ్ళు చేసి పెట్టాలి. ఇంగ్లీషువాళ్ళు ఈ గింజకి ఏకంగా గుర్రం పేరే తగిలించి హార్స్‌గ్రామ్ అన్నారు.

అయితే ఈ చవక ఎవరికి చవక? శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో ఉలవ బీదరైతు పంట. వానలు వెనకబట్టాక చల్లితే, నేలలో మిగిలిన తడికీ మంచుకీ పండుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో ఇంటికొస్తుంది. బొబ్బిలి కోట కూలింది 1757 జనవరి 24న. దండు తనతో మోసుకెళ్ళే మేత కొన్నాళ్ళకే సరి. ఆ తర్వాత దారిలో ఊళ్ళే దిక్కు. రైతు చోడి అంబలితో పాటు తినాల్సిన గింజనే గుర్రమూ తినాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఆ దాణా ఎవరి గాదెలోంచి తప్పదో మాత్రం సామెత చెప్పదు.

గుగ్గిళ్ళు పశువుకి పెట్టి, అవి ఉడికిన కట్టుని మనిషి చారు కాచుకున్నాడు. ఇప్పుడు మనం హోటల్లో మీగడ వేసుకుని లొట్టలేస్తూ తినే ఉలవచారు, అలా మనిషి వంతుకి మిగిలిన నీళ్ళే.