తుపాకి కొయ్య

1860 జులై 2వ తేదీన లండను దగ్గర వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ జాతీయ రైఫిలు సంఘంవారి తొలి పోటీలు ఆరంభమైనవి. మొదటి గుండు పేల్చినది విక్టోరియా రాణి. ఆమె చేసినదల్లా ఒక తాడు లాగడమే. విట్‌వర్త్ రైఫిలును ముందే ఇనుపచట్రంలో బిగించి గురిచూచి ఉంచారు. గుండు 400 గజాల దూరాన లక్ష్యకేంద్రానికి 1½ అంగుళాల లోపునే తగిలింది.

పోటీదారుల రైఫిళ్లకు మాత్రం ఆధారం కొయ్య. గొట్టాన్నీ, దాని వెనుకనుండే ఉక్కు యంత్రభాగాన్నీ కొయ్యలో తొలిచిన గాడిలో ఒదిగించి మరలతో బిగిస్తారు. దీనినే ‘బెడ్డింగు’ అంటారు; అంటే పరుపు వేయడమన్నమాట.

వానాకాలంలో మన ఇళ్ల తలుపులు పట్టివేయడం అందరూ చూచినదే. కొయ్య తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుంటుంది. పొడవులో మార్పు అత్యల్పం, అడ్డంగానే ఎక్కువ. అదీ అన్నివైపులా సమంగా ఉండదు గనుక కొయ్య మెలితిరిగి గొట్టాన్ని ఒక ప్రక్కకు నెట్టుతుంది. డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం గదా! గొట్టం ఒక్క నిమిషం ప్రక్కకు ఒరిగితే 1000 మీటర్ల దూరాన గుండు 29 సెంటీమీటర్లు తప్పుతుంది. 60 సెంటీమీటర్ల గొట్టం కొన వద్ద ఆ కదలిక మిల్లీమీటరులో ఆరవ వంతు మాత్రమే. విద్యార్థులు ఈ లెక్క స్వయంగా వేసి చూడవచ్చు.

ఇంకొక చిక్కు ఉన్నది. బల్ల అంచున నొక్కిపట్టి మీటిన స్కేలువలె, పేలినపుడు గొట్టం కంపిస్తుంది. కొయ్య తాకే చోటు మారితే కంపనమూ మారుతుంది.

1907 నాటి పొట్టి లీ-ఎన్‌ఫీల్డు మన దేశంలో, బెంగాలులోని ఈశాపూరులో కూడా తయారయింది. అందులో ముందరి కొయ్య గొట్టాన్ని కొనవద్ద పైకి ఒత్తిపట్టి ఉంచుతుంది. పోటీలు 1890లో బిస్లీకి మారినవి. అక్కడి గురికాండ్రు తరువాతి లీ-ఎన్‌ఫీల్డులలో కొందరు ఆ ఒత్తిడిని గొట్టం నడిమికి మార్చి చూచారు. గొట్టాన్ని కొయ్య అసలే తాకకుండా సందు వదలడం వేరొక మార్గం. నా దృష్టిలో ఇదే సులువైన ఉపాయం. అయితే అప్పుడు భారమంతా యంత్రభాగం పరుపుమీదనే పడుతుంది. పేలినప్పుడల్లా వెనుకకు తన్నే దెబ్బను అదే భరించాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆస్ట్రేలియావారు వాల్‌నట్టుకు బదులు మెత్తని స్థానిక కలప వాడి, దెబ్బ తగిలేచోట రాగి పలకలు అమర్చవలసి వచ్చింది.

కొయ్యకు గడ్డుపరీక్ష వియత్నాంలో ఎదురైంది. 1966లో అమెరికా మెరీన్ దళం స్వీకరించిన ఎం-40 రైఫిలుకు వాల్‌నట్ కొయ్య ఉండేది. అక్కడి తేమకు కొయ్య మెలితిరిగి గొట్టానికి ఆనుకొనేది. నిన్న సరిచూచిన గురి నేడు నమ్మరానిదయ్యేది. ప్రాణం ఆ ఒక్క గుండుమీద ఆధారపడినవానికి ఇది చిన్న సంగతి కాదు. 1970 దశకంలో కొయ్యను తీసివేసి, గాజుపీచుతో చేసిన ఆధారాన్ని అమర్చారు. 1988 నాటి ఎం-24లో దాని లోపల అల్యూమినియం దిమ్మ కూడా చేరింది.

వాల్‌నట్ అందాన్ని వదలుకోలేని పోటీదారులు నేటికీ ఉన్నారు. వారు మరలు దూరే రంధ్రాలలో చిన్న అల్యూమినియం గొట్టాలు దించి, యంత్రభాగం కూర్చునేచోట ఎపాక్సీ జిగురు పోసి అచ్చుతీస్తారు. చూపులకు కొయ్యే, ఉక్కు ఆనేది మాత్రం కొయ్యమీద కాదు.