తిమ్మరుసు మీద పడిన నింద: క్లాసులో ఎలా చెప్పాలి?

పై తరగతి పిల్లల్లో చాలామందికి హత్య, అనుమానితులు, ఆఖరి పేజీలో దొరికిపోయే హంతకుడు ఉన్న నవలలంటే ఇష్టం. దానికి కోటలూ, రాణులూ, మంత్రుల ఎత్తులూ తోడైతే ఇక పుస్తకం కింద పెట్టరు. "ఇలాంటివి తెలుగులో లేవా?" అని వాళ్ళు అడిగితే మీరు నవల కోసం వెతకనక్కర్లేదు. మన చరిత్రలోనే ఒకటి ఉంది. రాజు శ్రీకృష్ణదేవరాయలు. చనిపోయింది ఆయన కొడుకు తిరుమలరాయలు, పసివాడు. నింద పడింది రాయలు 'అప్పాజీ' అని పిలుచుకున్న మహామంత్రి తిమ్మరుసు ఇంటి మీద. నవలకి ఉన్నట్టు దీనికి ఆఖరి పేజీ మాత్రం లేదు. హంతకుడెవరో, అసలు హత్య జరిగిందో లేదో తేలలేదు. క్లాసులో చెప్పడానికి ఇది పనికొచ్చేది కూడా అందుకే.

ముందు కథ తెలుసుకుందాం. రాయలు 1509లో సింహాసనం ఎక్కాడు. అంతకుముందు రాజు ఆయన అన్న వీరనరసింహరాయలు. ఆయన చనిపోయే ముందు, తన ఎనిమిదేళ్ళ కొడుక్కి రాజ్యం దక్కాలని, తమ్ముడి కళ్ళు తీయించి తెచ్చి చూపించమని తిమ్మరుసుని ఆజ్ఞాపించాడట. తిమ్మరుసు కృష్ణరాయలని దాచిపెట్టి, మేక కళ్ళు తెచ్చి చూపించాడట. ఆ తరవాతి పదిహేనేళ్ళూ రాజ్యంలో ఆయన మాటకి తిరుగులేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, రాజుకి అందరికన్నా దగ్గరవాడు ఈ ముసలి మంత్రేనని, పెద్ద పెద్ద సామంతులు కూడా ఆయన ముందు రాజు ముందు నిలబడ్డట్టే నిలబడతారని రాశాడు.

తరవాత రాయలు తన ఆరేళ్ళ కొడుక్కి పట్టం కట్టి, తాను మంత్రి స్థానంలో కూర్చున్నాడట. తిమ్మరుసుని సలహాదారుగా ఉంచి, ఆయన కొడుకుల్లో ఒకడికి పెద్ద పదవి ఇచ్చాడట. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయట. ఆ ఉత్సవాల్లోనే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. ఇది 1524 ప్రాంతం. కొన్నాళ్ళకి, తిమ్మరుసు కొడుకు విషం పెట్టాడని రాజుకి తెలిసిందట. రాజు తిమ్మరుసునీ, కొడుకులనీ, బంధువులనీ కొలువుకి పిలిపించి అక్కడే పట్టుకున్నాడట. అప్పుడు రాజు అన్నట్టు చెప్పే మాట పిల్లల్ని తప్పకుండా ఆలోచనలో పడేస్తుంది. నా కళ్ళు తీయమని మా అన్న ఆజ్ఞాపిస్తే నువ్వు తీయలేదు, అంటే నీ రాజుని నువ్వు అప్పుడే మోసం చేశావు అన్నాడట. తన ప్రాణం నిలబెట్టిన పనినే ద్రోహానికి సాక్ష్యంగా చూపించాడన్నమాట. మూడేళ్ళు చెరలో ఉంచారట. ఒక కొడుకు తప్పించుకుని కొండల్లోని కోట చేరి తిరగబడితే, సైన్యాన్ని పంపి పట్టి తెచ్చారట. ఆ తరవాత తండ్రీకొడుకులు ముగ్గురి కళ్ళూ తీయించారట.

ఇక్కడ దాకా ఎన్ని 'ట'లు వచ్చాయో గమనించారా? అవి ఊరికే పెట్టినవి కావు. ఈ కథని ఇంత వివరంగా చెప్పేది ఫెర్నావో న్యూనిజ్ రాసిన వృత్తాంతం. ఆయన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. విజయనగరంలో ఉండి రాసింది 1535 తరవాత. అప్పటికి పిల్లవాడు పోయి పదేళ్ళు దాటింది, రాయలు 1529లోనే కన్నుమూశాడు, సింహాసనం మీద ఉన్నది ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు. అంటే న్యూనిజ్ చూసి రాయలేదు, ఎవరో చెబితే విని రాశాడు.

ఒక గుర్రాల వ్యాపారి దగ్గర ఈ కథ ఎందుకుందో బహ్రెయిన్ పిల్లలకి చెప్పడం తేలిక. విజయనగర సైన్యానికి మేలుజాతి గుర్రాలు సముద్రం మీదే రావాలి. అవి వచ్చింది మన గల్ఫ్ ముఖద్వారంలో ఉన్న హోర్ముజ్ రేవు నుంచి. విజయనగర రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని న్యూనిజ్ లెక్క. తిమ్మరుసుని పట్టుకునేటప్పుడు, గుర్రాలతో వచ్చి అక్కడున్న పోర్చుగీసువాళ్ళని రాజు సాయం రమ్మన్నాడని కూడా రాశాడు. ఆ పోర్చుగీసువాళ్ళే 1521లో బహ్రెయిన్ మీదకి వచ్చి, ఇక్కడి పాలకుడు ముఖ్రిన్‌ని ఓడించారు. ఆ యుద్ధం వల్లే ఆయన ప్రాణం పోయింది. పిల్లలు వారాంతంలో చూసే కల్అత్ అల్ బహ్రెయిన్ కోటలో పోర్చుగీసు కాలపు గోడలు ఇంకా ఉన్నాయి. ఆ కోటనీ, హంపీనీ ఒకే పాఠంలో చెప్పొచ్చు.

ఇక విచారణ. పిల్లల్ని రెండు జట్లు చేయండి. నింద మోపే జట్టు ఇలా అనొచ్చు: తిమ్మరుసు అంతవరకు ప్రధానమంత్రి, ఇప్పుడు ఉత్త సలహాదారు అయ్యాడు, కాబట్టి కోపం ఉండొచ్చు. రాజుకి విషయం ఖాయంగా తెలిసిందని న్యూనిజ్ రాశాడు కూడా. తిమ్మరుసు వైపు జట్టు ఇలా అడగొచ్చు: ఆ పసివాడి రాజ్యంలోనే కదా ఆయన కొడుక్కి పెద్ద పదవి వచ్చింది, పిల్లవాడు పోతే ఆ ఇంటికి లాభమా, నష్టమా? జబ్బుపడి చనిపోయాడని అదే న్యూనిజ్ ముందు రాసి, విషం మాట తరవాత ఎందుకు తెచ్చాడు? రాజుకి ఆ మాట చెప్పిందెవరు? తిమ్మరుసుకి జవాబు చెప్పుకునే వీలు ఇచ్చారా? ఈ ఆఖరి రెండు ప్రశ్నలకీ న్యూనిజ్ రాతలో జవాబు దొరకదు. తీర్పు మాత్రం మీరు చెప్పకండి. చెప్పకుండా ఉండటమే ఈ పాఠంలో కష్టమైన పని.

'మహామంత్రి తిమ్మరుసు' సినిమా (1962) చూసిన తల్లిదండ్రులకి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఎన్టీఆర్ రాయలుగా, గుమ్మడి తిమ్మరుసుగా నటించిన ఆ సినిమాలో తిమ్మరుసు నిర్దోషి. గుమ్మడి గారిని చూశాక మనకి వేరే అనుమానమే రాదు. సినిమా చూపించండి, తప్పులేదు. కానీ సినిమాకైనా నవలకైనా ఒక దోషిని చూపించక తప్పదు, లేకపోతే కథ ముగియదు. చరిత్ర రాసేవాళ్ళకి ఆ తొందర ఉండకూడదు. ఈ తేడా పిల్లలకి విప్పి చెప్పండి.

బోర్డు మీద మూడు గళ్ళు గీయండి: 'జరిగింది', 'ఒకరు చెప్పింది', 'మనం ఊహించింది'. 1520లో రాయచూరు యుద్ధం జరగడం మొదటి గడిలోకి వస్తుంది. విషం మాట రెండో గడిలోకి. కోపంతోనే చేసి ఉంటాడన్నది మూడో గడిలోకి. ఆ తరవాత ఒక్కో వాక్యాన్నీ తెలుగులో రాయించండి. 'విషం పెట్టాడు', 'విషం పెట్టాడట', 'విషం పెట్టి ఉంటాడు'. ఇంగ్లీషులో నాలుగు మాటలు పట్టే సంగతిని మన భాష క్రియ చివర ఒక్క అక్షరంతో చెప్పేస్తుంది. ఇంట్లో అమ్మమ్మలు రోజూ వాడే ఆ 'ట'ని మన పిల్లలు వింటారు కానీ పలకరు. ఈ పాఠం అయ్యేసరికి ఆ 'ట' వాళ్ళ నోట పలకాలి. సాక్షి, నింద, అనుమానం, రుజువు, తీర్పు అన్న ఐదు మాటలు కూడా వాళ్ళ నోట్‌బుక్కుల్లో ఉండాలి.

చిన్న పిల్లల క్లాసులో ఈ కథ చెప్పకండి. కళ్ళు తీయించడం, విషం లాంటివి పన్నెండేళ్ళు దాటినవాళ్ళకే చెప్పండి, అదీ వర్ణించకుండా.

కొందరు తల్లిదండ్రులు అడగొచ్చు: "రాయలంటే మనకి గర్వం కదండీ, పరాయి దేశంలో పెరిగే పిల్లలకి ఆయన గురించి ఇలాంటిది చెప్పాలా?" చెప్పాలనే నా మాట. రాయచూరు గెలిచిన రాజూ, 'ఆముక్తమాల్యద' రాసిన కవీ, కొడుకు పోయిన దుఃఖంలో తనని పెంచిన చేతులనే శిక్షించాడని చెప్పే ఆ తండ్రీ ఒక్కరే. ఇవన్నీ తెలిసినా పిల్లలకి రాయలంటే ఇష్టం తగ్గదు. తెలియకుండా పెరిగితే మాత్రం, రేపు ఎవరో చెప్పిన మాటకే ఒక స్నేహితుడి మీద నింద వేసేటప్పుడు వాళ్ళకి ఏ తిమ్మరుసూ గుర్తుకు రాడు. వాట్సాప్ గ్రూపులో ఒక మాట రాగానే "పెట్టాడా, పెట్టాడటా?" అని అడిగే పిల్లలు మన ఇళ్ళలో ఉంటే, ఈ పాఠానికి పెట్టిన గంట వృథా పోనట్టే.