పీర్ల గుండం నుంచి ప్రపంచ సంగీతానికి: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాథమిక తరగతులకు ఒక బోధనా మార్గం

ప్రపంచ సంగీతం నేర్పాలంటే జపాన్ పాట ఒకటి, ఆఫ్రికా పాట ఒకటి వినిపించి, పటంలో ఆ దేశాలు చూపించడం సులువుగా తోచే పద్ధతి. దానివల్ల పిల్లలకు దేశాల పేర్లు వస్తాయి గానీ ఎదుటివాళ్ల సంస్కృతి పట్ల ఎరుక కలగదు. హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కొడాయ్ (1882–1967) బిడ్డ మాతృభాషలోని జానపద గేయాలతో మొదలుపెట్టి, ఆ తర్వాతే పరాయి సంగీతానికి వెళ్లాలన్నాడు. నంద్యాల ప్రాంతానికి ఈ దారే తగినదని, అయితే ఇక్కడి పిల్లల 'సొంత పాట' ఒక్కటి కాదు, అనేకమని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆళ్లగడ్డకు దగ్గర్లోనే అహోబిలం. ఏటా కనుమ నాడు మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు గనుక చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. ఇదే సీమలో మొహర్రం వస్తే పీర్ల గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసి అడుగు వేస్తారు. ఆంగ్లేయుల మీద తిరగబడి 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను ఇక్కడి రేనాటి జనం పాటల్లో కాపాడుకున్నారు. ఆ పాట విన్న పిల్లలకు, మాలి దేశంలో కోరా మీటుతూ వంశచరిత్రలు పాడే గ్రియోలు పరాయివాళ్లుగా తోచరు.

తరగతికి అన్నిటికన్నా పనికొచ్చేది దప్పు. చలికాలం పొద్దున తేమకు తోలు వదులై మోత చచ్చిపోతుంది. గడ్డిమంట మీద కాసేపు కాచి మళ్లీ కొడితే నాదం ఖంగుమంటుంది. ఈ తేడా నాలుగో తరగతి పిల్లలు చెవితోనే పట్టుకుంటారు. అప్పుడు ఐర్లండ్ బోద్రాన్ వినిపించాలి. అదీ చట్రానికి ఒకవైపు తోలు బిగించిన వాయిద్యమే, అక్కడివాళ్లకూ తేమతో ఇవే తిప్పలు. అరబ్బుల దఫ్, బ్రెజిల్ పాండెయిరో ఈ కుటుంబంలోవే. సన్నాయిని పట్టుకుంటే టర్కీ జుర్నా, చైనా సువోనా దాకా వెళ్లవచ్చు. ఆ దారిలో షేక్ చిన మౌలానా (1924–1999) గురించి పిల్లలకు తప్పక చెప్పాలి. కరవదిలో పుట్టిన ఆ ముస్లిం విద్వాంసుడు శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికే జీవితం ధారపోశాడు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటవేస్తే పాఠమే అబద్ధమవుతుంది. దప్పు వాయించడం మాదిగల మీద కులం మోపిన పని. చావుకూ జాతరకూ పిలిచి గడప బయటే నిలబెట్టిన చరిత్ర అది. బోద్రాన్‌ను మెచ్చుకుంటూ దప్పును బయటే ఉంచే బడి సాంస్కృతిక ఎరుక గురించి మాట్లాడే అర్హత పోగొట్టుకుంటుంది. అలాగని దప్పు కళాకారుల ఇంటి బిడ్డనే లేపి వాయించమంటే కులాన్ని మనమే తరగతిలోకి తెచ్చినట్టు. దప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల వంతులవారీగా అందరి చేతుల్లోకీ రావాలి. నేర్పే కళాకారుణ్ణి గురువుగా పిలవాలి, కుర్చీ వేయాలి, పారితోషికం ఇవ్వాలి.

కళలను పదో తరగతి దాకా తప్పనిసరి చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సందర్భంలోనే నిపుణులు సూచించారు కాబట్టి ఈ బోధన అదనపు భారం కాదు. పరీక్ష తీరు మాత్రం మార్చుకోవాలి. ఏ వాయిద్యం ఏ దేశానిదో జతపరచమనే ప్రశ్న వద్దు. రెండు రికార్డింగులు వినిపించి, ఏది ఊరేగింపుది, ఏది ఒక్కరే కూర్చుని పాడుకున్నది, ఎందుకలా అనిపించిందని అడిగితే, అయిదో తరగతి పిల్లలు సొంత మాటల్లో జవాబు చెప్పగలరు.