కాగితంతో తీగపని

ఒడిశాలో ఉంటున్నవారు కటక్ వెండి తీగపనిని చూసే ఉంటారు. మన కరీంనగర్‌లోనూ ఆ పని ఉంది. సన్నని తీగను చుట్టి, వంచి, అతికి నగిషీ తీస్తారు. దానినే ఫిలిగ్రీ అంటారు.

ఐరోపాలో ఇదే పనిని కాగితంతో చేశారు. బంగారం ఖరీదు కదా! అందుకని క్రైస్తవ మఠాల్లోని సన్యాసినులు అంచుకు బంగారు పూత వేసిన కాగితపు పట్టీలను చుట్టలుగా చుట్టి, పవిత్ర వస్తువుల చుట్టూ అలంకరించేవారు. ఈక కాడకు చుట్టేవారు కనుక, ఇంగ్లీషులో ఈక పేరుమీదే దీనికి క్విల్లింగ్ అన్న పేరు వచ్చిందంటారు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇది ఇంగ్లండు సంపన్న స్త్రీలకు కాలక్షేపమైంది. 1811లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో ఒక చిన్నపిల్ల కోసం ఫిలిగ్రీ బుట్ట తయారవుతుంటే, ఎలినార్ కాగితాలు చుట్టిపెడతానంటుంది.

మీరూ ప్రయత్నించవచ్చు. మూడు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని సన్నని పుల్లకు చుట్టి వదలండి. కాస్త విచ్చుకున్నాక కొసను అతికించండి. ఒకవైపు నొక్కితే నీటిబొట్టు, రెండువైపులా నొక్కితే ఆకు. కొసను కత్తిరించకుండా చేత్తో చింపితే అతుకు కనబడదు. జిగురు ఒక్క చుక్క చాలు.

ఆనాటి పటాలు కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని చేసిన చేతుల పేర్లు మాత్రం చాలావరకు మిగలలేదు. అందుకే మీ ఇంట అమ్మమ్మ, నాయనమ్మ చేసిన పనేదైనా ఉంటే, దాని వెనుక ఆమె పేరు, సంవత్సరం రాసి ఉంచండి. అదీ చరిత్రే.