పొయ్యి పాడైతే ఎవరు బాగుచెయ్యాలి?

చరిత్ర అనగానే మనవాళ్ళు రాజులూ, యుద్ధాలూ మొదలుపెడతారు. నన్నడిగితే మా హాలియా వైపు చరిత్రని పొయ్యి దగ్గర మొదలుపెట్టమంటాను. పొయ్యి ఎవరు కనిపెట్టారన్నది కాదు, పాడైతే ఎవరు బాగుచేశారన్నది చూడాలి.

మట్టిపొయ్యికి స్పేర్ పార్టులుండవు. గడ్డ విరిగితే పుట్టమన్నులో కాస్త ఊక, పేడ కలిపి మెత్తి, అలికేస్తే సరి. వాడేదీ ఇల్లాలే, రిపేరు చేసేదీ ఇల్లాలే. మన భాషలో పక్కా ఓపెన్ సోర్స్ అన్నమాట. అలాగని ఆ రోజులే బంగారం అనను. పొగకి పాడైన కళ్ళకీ, ఊపిరితిత్తులకీ స్పేర్లు దొరకవు కదా!

ఈ పొగ సంగతి హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు ఎప్పుడో పట్టించుకున్నారు. గొట్టంతో పొగని బయటికి పంపే మట్టిపొయ్యి తయారుచేసి, 1953లో దానిమీద పుస్తకం కూడా వేశారు. తర్వాత కేంద్రం 1983లో మెరుగైన పొయ్యిల పథకం పెట్టి, 2002 దాకా నడిపి, దేశమంతటా 3 కోట్లకు పైగా పొయ్యిలు వేయించింది. వాటిలో చాలా మూలపడ్డాయి. గొట్టానికి మసి పట్టేది, లేదా పగిలేది. కొత్త గొట్టం ఊళ్ళో దొరకదు, కట్టినవాడు మళ్ళీ రాడు. ఇంకేముంది, మళ్ళీ పాత పొయ్యే! రిలీజ్ చేసి సపోర్ట్ మర్చిపోయిన ప్రాజెక్టులు మనకి తెలియనివా?

1967లో సాగర్ నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడలో మిల్లులు పెరిగాయి, చేతిలో నాలుగు డబ్బులాడాయి. వంటింట్లోకి కిరసనాయిలు స్టవ్‌లు వచ్చాయి. పంపు స్టవ్ మూలం స్వీడన్‌లో, 1892 నాటిది. అయితేనేం, దాని తోలు వాషరు, నిప్పిల్, పిన్ను మన బజార్లలోకి వచ్చేశాయి. నిప్పిల్‌లో మసి పడితే పిన్నుతో పొడిచేవాళ్ళు, వాషరు ఎండిపోతే నూనె రాసేవాళ్ళు. అప్పటికీ మొరాయిస్తే బజార్లో రిపేరు చేసే మనిషి ఉండనే ఉన్నాడు. రిపేరు ఇల్లాలి చేతిలోంచి బజారుకి వెళ్ళింది గానీ, ఊరు దాటలేదు.

1999లో దీపం పథకంతో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లొచ్చాయి. ఇక్కడ రిపేరు రెండుగా చీలింది. బర్నరు, జెట్టు, నాబ్ మన ఇష్టం, బజార్లో కొనుక్కోవచ్చు. రెగ్యులేటర్ మాత్రం డిపాజిట్ కట్టి తెచ్చుకున్నదే, పాడైతే డీలరే మార్చాలి. రబ్బరు ట్యూబు అయిదేళ్ళకోసారి మార్చి తీరాలి. ఇది నాకు అన్యాయం అనిపించదు. ప్రాణాలమీదికొచ్చే భాగానికి బాధ్యుడు ఒకడుండాలి.

ఇప్పుడు ఓవెన్ల కాలం. మామూలు ఓటీజీలో ఎలిమెంట్ అంటే కాలే కడ్డీ, అంతే. ప్లగ్ పీకేసి, అదే వాట్లు, అదే పొడవు ఉన్నది వేస్తే తెలిసిన మెకానిక్‌కి పెద్ద పనేం కాదు. మైక్రోవేవ్ వేరు, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటుంది, మనం మూత తియ్యకూడదు. కానీ ఆ తేడా చెప్పకుండా, రెండిటికీ "పార్టు రాదండీ, కొత్తది కొనండి" అంటేనే ఒళ్ళు మండుతుంది. భద్రత కోసం తాళం వెయ్యడం వేరు, అమ్మకాల కోసం వెయ్యడం వేరు.

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ కొనేముందు మనం ఫీచర్ల లిస్టు కాసేపు పక్కనపెట్టి, "ఎలిమెంట్ పోతే ఎక్కడ దొరుకుతుంది? ఎన్నేళ్ళ దాకా?" అని అడగడం మొదలుపెడితే ఇంకా మంచిది. ఆ ప్రశ్న హాలియాలో నిలబడి అడగాలి, హైటెక్ సిటీలో కాదు. ఏమంటారు?