రాయి తగిలితే లేచే నాగలి: కొత్తదా, తోచేదేనా?

ఊర్లల్ల మెకానిక్ ఏదన్న కొత్తగ జేస్తే "గింతేనా, గిది నేను సుత జేద్దును" అంటరు. జేసి చూపెట్టినంక ఏదైనా అల్కగనే కనవడ్తది. గందుకే పేటెంట్ ముచ్చట్ల గా మాట చెల్లదంట నేను. ఆ పని తెల్సిన మామూలు మనిషికి, అప్పటికి ఉన్న తెలివితోని, గది తోచేదేనా అన్నదే అసలు ప్రశ్న.

అమెరికాల గ్రాహం, జాన్ డీర్ కేసు చూడుర్రి. రాయి తగిలితే కర్రు పైకి లేచి, దాటినంక మళ్ల కిందికొచ్చే స్ప్రింగు బిగింపు మీద గ్రాహంకు పేటెంట్ ఉండె. పాత డిజైన్ల బందు పలక మీదున్న కర్రు కాడను కొత్తదాంట్ల పలక కిందికి మార్చిండు. 1966ల అక్కడి సుప్రీంకోర్టు మూడు సంగతులు చూసింది: అప్పటికే ఏమేం ఉన్నయి, కొత్తదానికి వాటికి తేడా ఏంది, ఆ పనోళ్ల తెలివి ఎంత. గీ మార్పు పని తెల్సినోనికి తోచేదేనని తేల్చి, పేటెంట్ చెల్లదన్నది.

ఎన్నేండ్ల సంది ఎవలికీ తెగని చిక్కు తెగిందా అన్నది సుత చూడొచ్చని గదే తీర్పు చెప్పింది.

మన పేటెంట్ల చట్టం గూడ పనోనికి ఇట్టె తోచేదాన్ని ఒప్పుకోదు. గందుకే నేననేది: చిన్నగున్నదని దేన్నీ తీసిపారెయ్యొద్దు, కొత్తగున్నదని గుడ్డిగ మెచ్చొద్దు. మీరేదన్న జేస్తే ఊరంత చూపెట్టకముందే పాతయి ఎతకుర్రి. మీదానికి తేడా ఏందో, ఆ తేడాతోని ఏం ఒరిగిందో రాసుకోర్రి. పేటెంట్ నిలవడేది గా తేడా మీదనే.