ఆసుపత్రి గోడ నుంచి ఇంటి గడప దాకా

1936 నవంబరులో హార్వర్డ్ వైద్య కళాశాలలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ కాంప్టన్ ఉపన్యాసం విన్నాక సాల్ హెర్ట్జ్ అనే యువ వైద్యుడు ఒక ప్రశ్న అడిగాడు: అయోడిన్‌ను కృత్రిమంగా రేడియోధార్మికం చేయవచ్చా? మనం తిన్న అయోడిన్‌ను మెడలోని థైరాయిడ్ గ్రంథి ఏరి మరీ దాచుకుంటుంది. ఆ అయోడిన్‌కే కిరణాలు తోడైతే, మందు చేరవలసిన చోటికి తానే చేరుతుంది. 1938లో బర్క్‌లీలో లివింగుడ్, సీబోర్గ్ అనే శాస్త్రవేత్తలు రేడియోధార్మికమైన అయోడిన్-131ను కనుగొన్నారు. 1941లో హెర్ట్జ్ బోస్టన్‌లో అతిగా పనిచేసే థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ చికిత్స మొదలుపెట్టాడు. 1943లో న్యూయార్క్ మాంటెఫియోర్ ఆసుపత్రిలో శామ్యూల్ సీడ్లిన్ థైరాయిడ్ క్యాన్సర్ రోగికి రేడియో అయోడిన్ ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946 నుంచి అమెరికాలోని ఓక్ రిడ్జ్ అణు రియాక్టర్ ఇలాంటి ఐసోటోపులను ఆసుపత్రులకు అందించసాగింది.

రోగికి మేలు జరిగింది. మరి పక్కన ఉన్నవాళ్ల సంగతి? అయోడిన్-131 వెలువరించే బీటా కణాలు ఒంట్లో రెండు మిల్లీమీటర్లు దాటవు. క్యాన్సర్ కణాలను చంపేవి అవే. గామా కిరణాలు మాత్రం శరీరం దాటి బయటికి వస్తాయి. పైగా మిగిలిన మందు మూత్రంలో, లాలాజలంలో, చెమటలో బయటపడుతుంది. ఎనిమిది రోజులకోసారి దాని రేడియోధార్మికత సగమవుతుంది. ఇంట్లో పాటించే జాగ్రత్తలన్నీ ఈ నాలుగు సంగతుల నుంచే పుట్టాయి.

మొదట్లో జవాబు ఆసుపత్రి గోడే. అమెరికాలో ఒంట్లో 30 మిల్లీక్యూరీల (రేడియోధార్మికత కొలమానం) కంటే తక్కువ మందు మిగిలేదాకా రోగిని ఇంటికి పంపేవారు కాదు. అప్పట్లో ప్రధాన లెక్క రోగి ఒంట్లో ఎంత మందు ఉందన్నదే. 1997లో అక్కడి అణు నియంత్రణ సంఘం ఆ లెక్కను తిరగేసింది. రోగి వల్ల మరొకరికి అందే కిరణాల మోతాదు 5 మిల్లీసీవర్ట్‌లు దాటే అవకాశం లేకపోతే ఇంటికి పంపవచ్చంది. 1 మిల్లీసీవర్ట్ దాటే అవకాశం ఉంటే జాగ్రత్తలు రాసి ఇవ్వాలంది. కాపలా బాధ్యత వార్డు నుంచి ఇల్లాలి చేతికి, పిల్లల చేతికి మారింది అప్పుడే. ఈ చరిత్రలో అతి పెద్ద మలుపు ఇదేనని నా అభిప్రాయం.

కుటుంబంపై పెట్టిన ఆ నమ్మకం వమ్ము కాలేదు. 2000లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, చికిత్స పొందిన 30 మంది ఇళ్లలోని 65 మంది కుటుంబసభ్యులకు కొలత పరికరాలు ఇచ్చారు. వారికి అందిన మోతాదు సగటున 0.24 మిల్లీసీవర్ట్. అంటే చెప్పినట్టు నడుచుకుంటే ఇల్లు క్షేమమే. చిక్కు ఇల్లు కాని చోట్ల వచ్చింది. కొందరు రోగులు హోటళ్లలో దిగడం వివాదమై, 2011లో నియంత్రణ సంఘం అది వద్దని గట్టిగా చెప్పింది. గది ఊడ్చే మనిషికి ఏమీ తెలియదు కదా!

అమెరికాలా కాకుండా జర్మనీ ఇప్పటికీ రోగిని కనీసం రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచుతుంది. మన దేశంలోనూ పెద్ద మోతాదులు ప్రత్యేక వార్డుల్లోనే ఇస్తారు. మూత్రాన్ని ధార్మికత తగ్గేదాకా తొట్లలో నిలవ ఉంచి వదులుతారు. మన ఇళ్లకు ఇలా ఆసుపత్రిలో ఉంచడమే తగిన పద్ధతి. ఒకే గదిలో నలుగురు పడుకునే చోట, ఒకే మరుగుదొడ్డి ఉన్న చోట విడిగా పడుకోమని చెబితే సరిపోదు.

మరో మాట. ఈ రేడియోధార్మికత అంటువ్యాధి కాదు. బయటి యంత్రంతో కిరణాల చికిత్స తీసుకున్నవారి ఒంట్లో ధార్మికత అసలే మిగలదు. అయోడిన్ తీసుకున్నవారు కూడా దూరం పాటించేది లెక్కపెట్టిన కొన్ని రోజులే. గ్రంథి తీసేసిన క్యాన్సర్ రోగి ఒంట్లోంచి మందు ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లోనే పోతుంది. డాక్టరు చెప్పిన రోజులు గడిచాక కూడా మనిషిని వెలివేసినట్టు చూడటం అన్యాయం.

ఇక మోతాదు సంగతి. 2012లో బ్రిటన్, ఫ్రాన్స్ పరిశోధనలు, ప్రమాదం తక్కువగా ఉన్న రోగులకు ఆపరేషన్ తర్వాత 100 మిల్లీక్యూరీల బదులు 30 చాలునని చూపాయి. 2022లో ఫ్రాన్స్‌దే మరో పరిశోధన, అలాంటి కొందరికి అసలు అయోడినే అక్కరలేదని తేల్చింది. ఇవ్వని మందు ఇంట్లో ఎవరికీ భయం కాదు.

కాబట్టి మందు తీసుకునే ముందే డాక్టరుకు మీ ఇంటి సంగతి చెప్పండి: గర్భిణి ఉందా, పసిపిల్లలున్నారా, గదులెన్ని, బస్సులో ఎంతసేపు ప్రయాణం. పాలిచ్చే తల్లి అయితే మొదటే చెప్పాలి. ఆ బిడ్డకు పాలు కొన్ని వారాల ముందే మాన్పించాలి, మళ్లీ ఇవ్వకూడదు. మళ్లీ గర్భం ఎన్నాళ్లకు దాల్చవచ్చో అడగండి. ఎన్ని రోజులు విడిగా పడుకోవాలో, పిల్లలను ఎప్పుడు ఎత్తుకోవచ్చో తెలుగులో రాయించుకుని ఇంటికి రండి.